జానెడు విమానం... మద్రాసు పేరు!

పెద్దమండ్యం బస్టాండుకీ, 1940లో ఇంగ్లండు ఆకాశంలో జరిగిన యుద్ధానికీ సంబంధం ఏమిటి? చూస్తే ఏమీ లేదు. కానీ జానెడు కూడా లేని ఓ ప్లాస్టిక్ విమానాన్ని ముందేసుకుని ముక్కా ముక్కా అతికిస్తూ పోతే, ఆ సంబంధం మెల్లమెల్లగా బయటపడుతుంది.

మదనపల్లె నుంచి ఉత్తరంగా బయల్దేరితే దారి పొడవునా టమోటా తోటలు, వేరుశనగ చేలు, ఎవరో తీరిగ్గా పేర్చి వదిలేసినట్టుండే బండరాళ్ల గుట్టలు. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఒకటి పెద్దమండ్యం. ఇక్కడ పెద్దలు తలెత్తి ఆకాశంలోకి చూస్తే అది మబ్బు కోసమే. విమానం శబ్దం వినిపించి వీధిలోకి పరుగెత్తేది పిల్లలే.

ఇలాంటి ఊరికి యుద్ధ విమానంతో చుట్టరికం ఉందంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ తన స్క్వాడ్రన్లలో మూడింటికి ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అని పేరు పెట్టుకుంది. అవి 79, 234, 264 నంబరు స్క్వాడ్రన్లు. ఈ ప్రాంతం నుంచి వెళ్లిన యుద్ధ విరాళాలకు కృతజ్ఞతగా పెట్టిన పేరది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ దాదాపు మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా కూడా అందులోదే. అంటే ఆ పేరులో చెన్నపట్నంతో పాటు మదనపల్లె ఉంది, పుంగనూరు ఉంది, కుప్పం ఉంది. పెద్దమండ్యమూ ఉంది.

ఆ మూడింటిలో 264వ స్క్వాడ్రన్ నడిపిన విమానం పేరు డిఫయంట్. ధిక్కరించేది అని అర్థం. దాన్నిప్పుడు ఎవరైనా ఇంట్లో బల్ల మీద కట్టుకోవచ్చు.

అంగుళం అంటే ఆరడుగులు

పెట్టె తెరిస్తే విమానం ఉండదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు ఉంటాయి. వాటికి కాయల్లా వేలాడుతూ చిన్నచిన్న భాగాలు, పక్కన ఒక పారదర్శక చట్రం, గుర్తులు అచ్చేసిన ఓ కాగితం, బొమ్మలతో ఓ పుస్తకం. అంతే. మిగతాదంతా కట్టేవాళ్ల ఓపిక.

ఇలాంటి బొమ్మ విమానాల్లో ఎక్కువగా కనిపించే కొలత 1/72. అసలు విమానంలో ఆరడుగులు ఇక్కడ ఒక్క అంగుళం. ఆరడుగుల మనిషి బొటనవేలి కణుపంత అవుతాడన్నమాట! దాదాపు 12 మీటర్ల రెక్కలున్న డిఫయంట్ ఈ లెక్కన పదహారున్నర సెంటీమీటర్లకు దిగుతుంది. జానకు తక్కువే.

బ్రిటన్‌లో ఇలాంటి ప్లాస్టిక్ కిట్లకు ఇంటింటి పేరు ఎయిర్‌ఫిక్స్. 1939లో గాలి ఊదే బొమ్మలతో మొదలైన ఆ కంపెనీ 1953లో తన మొదటి విమానంగా స్పిట్‌ఫైర్‌ని తెచ్చింది. యుద్ధం చూసిన తండ్రులు, చూడని కొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని వాటిని కట్టారు. డిఫయంట్‌ను 1960లో ఒకసారి, సరికొత్త అచ్చులతో 2015లో మరోసారి ఆ కంపెనీ విడుదల చేసింది.

మన కొండపల్లి బొమ్మకీ దీనికీ పని తీరులో పెద్ద తేడా లేదు. అక్కడ తెల్ల పొణికి చెక్కతో అవయవాలు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి రంగులు అద్దుతారు. ఇక్కడ చెక్క బదులు ప్లాస్టిక్, మక్కు బదులు జిగురు, పుట్టీ. ఓపిక మాత్రం అదే.

ముందు లోపలి గది

తొందరపడి రెక్కలు అతికేస్తే పని చెడుతుంది. మొదట చట్రాలను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అచ్చులోంచి తీసేటప్పుడు అంటిన నూనె పోకపోతే రంగు పట్టదు. భాగాలను చేత్తో విరవకూడదు. చిన్న కటింగ్ ప్లయర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన కొసను బ్లేడుతో చెక్కి, నీటి కాగితంతో రుద్దాలి. బ్లేడు పని పెద్దల చేతిలో ఉంటే మంచిది.

తర్వాత పైలట్ కూర్చునే గది. సీటు, మీటల పలక, కంట్రోల్ కర్ర, గోడలకు బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. విమానం మూసేశాక ఇందులో సగం కనిపించదు. అయినా వేస్తారు. గర్భగుడిలో దీపం అందరికీ కనిపించదని వెలిగించడం మానరు కదా!

ప్లాస్టిక్‌కు వాడే జిగురు మనం కాగితాలకు వాడే రకం కాదు. అది రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. అందుకే ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే విమానమే కరిగిపోతుంది. ఆ వాసన పీల్చడం మంచిది కాదు కాబట్టి కిటికీ తెరిచి ఉంచాలి. ఒళ్లు రెండు సగాలనూ కలిపి, రబ్బరు బ్యాండ్లు వేసి ఓ రాత్రి వదిలేస్తే పొద్దున్నకి ఒకటైపోతాయి. అతుకు దగ్గర సందులుంటే పుట్టీ నింపి మళ్లీ రుద్దడమే.

రెక్కలు చెప్పే రహస్యం

రెక్కలు అతికేటప్పుడే అసలు విషయం తెలుస్తుంది. అదే కాలపు స్పిట్‌ఫైర్, హరికేన్ల రెక్కల ముందు అంచుల్లో ఎనిమిది మెషిన్‌గన్ల రంధ్రాలుంటాయి. డిఫయంట్ రెక్కలు నున్నగా ఉంటాయి. ఒక్క తుపాకీ లేదు! ముక్కులోనూ లేదు. ఉన్న నాలుగు గన్లూ పైలట్ వెనక, గుండ్రంగా తిరిగే ఓ గాజు గదిలో ఉంటాయి. దాన్నే టరెట్ అంటారు. అందులో ఇంకో మనిషి కూర్చుని కాలుస్తాడు. పైలట్ పని నడపడం వరకే.

ఎందుకలా? జర్మన్ బాంబర్లు తమ దేశం నుంచి బయల్దేరితే వాటికి తోడుగా ఫైటర్లు అంత దూరం రాలేవు, అప్పుడు బాంబర్ల పక్కనే ఎగురుతూ తీరిగ్గా కాల్చవచ్చు అని లెక్కేశారు. డిఫయంట్ మొదటిసారి ఎగిరిన 1937 ఆగస్టులో ఆ లెక్క సరైనదే. 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయాక తప్పింది. జర్మన్ ఫైటర్లకు సముద్రపు పాయ అవతలే స్థావరాలు దొరికాయి.

అంతకుముందు, 1940 మే 29న డన్‌కర్క్ దగ్గర 264వ స్క్వాడ్రన్ ఒక్కరోజే 37 విమానాలు కూల్చినట్టు ప్రకటించింది. బ్రిటన్ పండగ చేసుకుంది. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులతో సరిచూస్తే అసలు సంఖ్య అందులో సగం కూడా లేదని తేలింది. ముందు వైపు తుపాకుల్లేవని శత్రువు పసిగట్టాక ఎదురుగా, కింద నుంచి వచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. జులై 19న 141వ స్క్వాడ్రన్ డిఫయంట్లు తొమ్మిది పైకి లేస్తే ఆరు కూలాయి. ఆగస్టు 24న 264వ స్క్వాడ్రన్ నాయకుడు ఫిలిప్ హంటర్ శత్రు విమానాన్ని వెంటాడుతూ వెళ్లి తిరిగి రాలేదు. ఆ నెలాఖరుకల్లా డిఫయంట్లను పగటి యుద్ధం నుంచి తప్పించారు. తర్వాత ఒళ్లంతా నల్ల రంగు పూసి రాత్రి కాపలాకు వాడుకున్నారు.

ఆ గాజు గదిని చేతిలో పట్టుకుంటే గుండె బరువెక్కుతుంది. ఈ కొలతలో అది గోలీకాయను గుర్తుచేస్తుంది. అసలు దాంట్లోనూ చోటు తక్కువే. మామూలు పారాషూట్ పెట్టుకునే వీలు లేక, గన్నర్లకు ఒంటికి తొడుక్కునే పారాషూట్ కోటు ప్రత్యేకంగా కుట్టించారు. కరెంటు పోయి టరెట్ ఇరుక్కుంటే బయటపడటం గగనం. పైలట్ దూకేసినా గన్నర్ విమానంతోనే నేలకూలిన సందర్భాలున్నాయి.

ఈ భాగానికి మామూలు జిగురు వాడితే పారదర్శకమైన ప్లాస్టిక్ మసకబారుతుంది. మన ఫెవికాల్ చాలు. తెల్లగా పూసినా ఎండాక మచ్చ కనిపించదు.

మట్టి రంగు ఎవరి మట్టి?

ఇక రంగులు. పైన ముదురు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ వంపులు తిరుగుతూ కలిసిపోతాయి. పై నుంచి చూసే శత్రువుకి పొలాల్లో కలిసిపోయినట్టుండాలని ఈ ఏర్పాటు. అడుగున మాత్రం ‘స్కై’ అనే లేత రంగు. ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు.

పెద్దమండ్యం నేల రంగు చూసిన కళ్లకు ఆ మట్టి రంగు కొత్తగా ఉంటుంది. ఇక్కడి ఎరుపు అందులో లేదు. అది ఇంగ్లండు పొలాల గోధుమరంగు. డబ్బు ఇటు నుంచి వెళ్లింది, రంగు అక్కడిది.

రాయలసీమ ఎండకు నీళ్లలో కలిపే రంగులు కుంచె మీదే ఆరిపోతాయి. రెండు చుక్కల నీళ్లు కలిపి పల్చగా వేయాలి. ఒకే మందపాటి పూత కంటే మూడు పల్చటి పూతలు నయం. మధ్యాహ్నపు గాలికి దుమ్ము లేచేచోట తలుపులు మూసి పొద్దున్నే వేసుకోవడం మేలు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. చివరగా గుర్తులు. కాగితాన్ని కత్తిరించి గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచితే బొమ్మ జారుతుంది. తడి కుంచెతో చోటుకు చేర్చి, మెత్తటి గుడ్డతో అద్దాలి. ఒంటి మీద ‘పి.ఎస్’ అనే అక్షరాలు పడితే... అది 264వ స్క్వాడ్రన్, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ!

ఇచ్చినవాళ్లు... వద్దన్నవాళ్లు

విరాళాల కోసం బ్రిటన్ ప్రభుత్వం ఒక ఫైటర్‌కు 5 వేల పౌన్లని ధర కట్టింది. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువే. అప్పటి మారకంలో ఆ 5 వేల పౌన్లంటే దాదాపు 67 వేల రూపాయలు.

అయితే ఇవే రోజుల్లో కథ ఇంకొకటి నడుస్తోంది. భారతీయులను అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించారని 1939 అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1940 అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఈ యుద్ధానికి మనిషినీ ఇవ్వొద్దు, డబ్బూ ఇవ్వొద్దన్నదే దాని సారాంశం. ఆ డిసెంబరులో రాజాజీ జైలుకెళ్లారు. అంటే ఒకే ప్రెసిడెన్సీలో యుద్ధ నిధికి డబ్బు కట్టినవాళ్లున్నారు, కట్టొద్దని చెప్పి జైలుకెళ్లినవాళ్లూ ఉన్నారు. విమానం మీద పేరు మాత్రం అందరిదీ కలిపి ఒకటే.

అటు నిజాం రాజ్యానిదీ ఇదే వరస. మొదటి ప్రపంచ యుద్ధంలోనే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఆయన కానుక అని వాటి ఒంటి మీదే రాశారు. వాటిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, తర్వాత పోలండు చేరి, 1977లో బ్రిటన్‌కు తిరిగొచ్చింది. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం చేరిన విమానం అదే. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ ‘హైదరాబాద్’ పేరుతో స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా! ఆ లెక్కన తెలుగు నేలలో ఇటు సగమూ, అటు సగమూ ఇంగ్లండు ఆకాశంలో పేర్లుగా ఎగిరాయి.

వెయ్యికి మించి తయారైన డిఫయంట్లలో ఇప్పుడు పూర్తి రూపంలో మిగిలింది ఒక్కటే. అదీ బ్రిటన్ మ్యూజియంలోనే. కంపెనీలో ఒకప్పుడు పనిచేసినవాళ్లే వుల్వర్‌హాంప్టన్‌లో మరోదాన్ని నమూనాగా కట్టుకున్నారు. మదనపల్లె పక్క పిల్లలకు దగ్గర్లో నిజం విమానాలు చూడాలని ఉంటే బెంగళూరులో హెచ్.ఏ.ఎల్ మ్యూజియం ఉంది. అక్కడ మన దేశంలోనే రూపొందిన మారుత్ యుద్ధ విమానాన్ని చూడొచ్చు. డిఫయంట్‌ను చూడాలంటే మాత్రం సముద్రం దాటాలి. లేదా కట్టుకోవాలి.

షోకేసులో చరిత్ర

పదిహేను రోజుల సాయంత్రాలు పోగేస్తే విమానం సిద్ధం. పైన పల్చగా మెరుపు లేని వార్నిష్ పూస్తే బొమ్మ కళ పోయి నిజం విమానం కళ వస్తుంది. కాస్త అతుకు కనిపిస్తుంది, ఓ చోట రంగు గీత దాటి ఉంటుంది. మొదటి విమానానికి అవన్నీ మామూలే.

తర్వాత దాని చోటు షోకేసులో, దసరా బొమ్మల కొలువు చేసే ఇంట్లో అయితే ఏడాదికోసారి చివరి మెట్టు మీద. చూడటానికొచ్చిన వాళ్లు ఇదేం విమానమని అడుగుతారు. యుద్ధంలో గెలిచిన విమానమని చెప్పడానికి లేదు. నున్నటి రెక్కలు చూపించి, వెనక గాజు గదిలో చిక్కుకుపోయిన మనిషి గురించి చెప్పాలి. ఆ పేరు కోసం డబ్బు కట్టిన ఊళ్ల గురించి, కట్టొద్దన్న మనుషుల గురించి చెప్పాలి.

అప్పటిదాకా విమానం కోసం వీధిలోకి పరుగెత్తిన పిల్లలు, ఆ రోజు మాత్రం షోకేసు ముందు కాసేపు నిలబడతారు.