యుక్లూలెట్ తీరాన సముద్ర నక్షత్రాలు

వాంకూవర్ ద్వీపానికి పడమటి అంచున యుక్లూలెట్ అని ఒక చిన్న ఊరుంది. టొఫీనో వెళ్లే మనవాళ్లందరూ దారి చీలేచోట కుడివైపుకి తిరిగిపోతారు. ఎడమవైపు కాసేపు వెళ్తే ఈ ఊరు వస్తుంది. సర్రీ నుంచి బయల్దేరితే ట్సవాసెన్‌లో ఫెర్రీ ఎక్కి రెండు గంటలు, దిగాక నాలుగో నంబరు హైవే మీద ఇంకో మూడు గంటలు. మధ్యలో కెథీడ్రల్ గ్రోవ్‌లో 800 ఏళ్ల వయసున్న చెట్ల కింద ఆగి, తెచ్చుకున్న దిబ్బరొట్టె, ఆవకాయ తిన్నాం. పోర్ట్ అల్బర్నీ దాటాక ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మేం వెళ్లింది సర్ఫింగ్‌కీ కాదు, తిమింగలాల కోసమూ కాదు. స్టార్ ఫిష్ కోసం.

మా ఇంట్లో మావారి ఉప్పునీటి అక్వేరియం ఉంది. 75 గాలన్లది. పండక్కి ఊరెళ్దామంటే ఆయనకి ముందు గుర్తొచ్చేది మా అత్తగారు కాదు, ఈ చేపలకి మేత ఎవరు వేస్తారన్నది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు నిండబోతున్నాయి. చేపల షాపులో నీలంరంగు స్టార్ ఫిష్ చూసినప్పటి నుంచి, పుట్టినరోజుకి అదే కావాలని పట్టుబట్టింది. లింకియా అంటారు దాన్ని. పిల్ల అడగడంలో తప్పేం లేదు, ఆ నీలం అలాంటిది. కానీ మా స్నేహితురాలి ఇంట్లో అచ్చం అలాంటిదే ఏడు నెలలు బతికింది. చివరి వారంలో చేతుల కొసలు కరిగిపోతున్నట్టు అయిపోయింది. వాళ్ల పాప రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ ఏడు నెలలూ అది బాగానే ఉందని వాళ్లు అనుకున్నారు. చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే. ఈ నీలం నక్షత్రం రాళ్ల మీద పట్టే సన్నటి జీవపు పొరను నాకి బతుకుతుంది. సముద్రంలో ఆ రాళ్లకి అంతే లేదు. ఇంటి తొట్టిలో ఉన్న నాలుగు రాళ్లూ కొన్నాళ్లకి శుభ్రమైపోతాయి. మనం వేసే మేతను అది మామూలుగా తినదు. అలా నెలల తరబడి పస్తులుండి పోతుంది. ఆకలేస్తే చేప అద్దం దగ్గరికొచ్చి గోల చేస్తుంది. దీనికి ఆ గోల రాదు.

ఇంకో సంగతి, దీనికి మనలాగా రక్తం ఉండదు. సముద్రపు నీరే దాని ఒంట్లో గొట్టాల గుండా తిరుగుతూ కాళ్లను నడిపిస్తుంది. అందుకే నీటిలో ఉప్పు కాస్త మారినా తట్టుకోలేదు. కొని తెచ్చాక సన్నటి ట్యూబు పెట్టి, సంచిలోకి తొట్టి నీళ్లను చుక్కలు చుక్కలుగా రెండు మూడు గంటలు వదలాలి. గాలిలోకి ఎత్తకూడదు. చేపల జబ్బులకు వాడే రాగి మందు ఆ నీళ్లలో పడితే ఇక దాని పని అయిపోయినట్టే. ఇవన్నీ మావారు చెప్తుంటే నాకు భీమవరం దగ్గర మా బాబాయి గుర్తొచ్చాడు. రొయ్యపిల్ల వచ్చిన రోజున సంచుల్ని చెరువులో తేలేసి, సెలైనిటీ చూసే ఆ చిన్న దుర్బిణి లాంటిది కంటికి పెట్టుకుని, ఎవరు పలకరించినా ఊ కొట్టేవాడు కాదు. మావారి దగ్గర ఉన్నదీ అలాంటి పరికరమే. బాబాయికి ఫోన్లో చూపిస్తే, "ఇంతోటి నీళ్లకి అంత ఖర్చేంటమ్మా! పంట కూడా రాదు కదా" అన్నాడు.

యుక్లూలెట్ అక్వేరియం సంగతి మావారే ఎక్కడో చదివారు. కెనడాలో పట్టి మళ్లీ వదిలిపెట్టే పద్ధతిలో నడిచే మొదటి పబ్లిక్ అక్వేరియం అది. ఇప్పుడున్న భవనం 2012లో తెరిచారు. ప్రతి వసంతంలో దగ్గరలోని సముద్రం నుంచి ప్రాణుల్ని తెస్తారు, ఆ ఏడాది చివర్లో మళ్లీ సముద్రంలోనే వదిలేస్తారు. తొట్లలో నీళ్లు కూడా పక్కనున్న రేవు నుంచి పంపుతో వస్తూ, తిరిగి అక్కడికే పోతుంటాయి. ఉప్పు కలిపే పని లేదు, చల్లబరిచే పని లేదు. మావారు ఆ పంపు గొట్టాల దగ్గర నిలబడిపోయారు. లోపల ఉన్నవాటికంటే ఆయనకి అదే నచ్చింది.

వాంకూవర్ అక్వేరియం చూసినవాళ్లకి ఇది మరీ చిన్నదిగా అనిపిస్తుంది. ఒకే పెద్ద హాలు. కానీ తొట్లు పిల్లల ఎత్తులో ఉన్నాయి. చేతులు తడుపుకుని రెండు వేళ్లతో ముట్టుకోమన్నారు. మా అమ్మాయి మొదట ముట్టుకున్నది ఆకర్ స్టార్. అచ్చం గుత్తి వంకాయ రంగు. పైనంతా గరుకు, కింద వందల కాళ్లు. అవి వేలిని పట్టుకుంటే పిల్ల కెవ్వుమని, వెంటనే ఇంకో చెయ్యి పెట్టింది. లెదర్ స్టార్ అని ఇంకోటి ఉంటుంది, దాని దగ్గర వెల్లుల్లి వాసనొస్తుంది. నిజమేనండీ.

మర్నాడు పొద్దున్నే రాళ్ల మీదికి వెళ్లాం. నీరు బాగా వెనక్కి తగ్గే రోజులు అమావాస్యకీ పున్నమికీ దగ్గర్లో వస్తాయి కాబట్టి, ప్రయాణానికి తేదీ పెట్టింది ఊళ్లో మా అమ్మ. పంచాంగం చూసి చెప్పింది. "ఏమే, అంత దూరం పోయి చేపల కోసం అమావాస్య అడుగుతావా?" అని నవ్వింది. బూట్లకి పట్టు ఉండాలి, నాచు మీద జారితే నడుం పోతుంది. ఊరి చుట్టూ వైల్డ్ పసిఫిక్ ట్రైల్ అని మంచి నడకదారి ఉంది, 1915 నాటి లైట్‌హౌస్ ఉంది. అవి ఎవరైనా చూపిస్తారు. రాళ్ల సందుల్లోకి వంగి చూడటం మాత్రం మానకండి. ఊదా, నారింజ రంగు ఆకర్ స్టార్లు ఒకదాని మీద ఒకటి, మసెల్స్ గుత్తుల పక్కన అతుక్కుని ఉన్నాయి. ఇవి మసెల్‌ను కాళ్లతో కాస్త విప్పి, తమ పొట్టనే బయటికి తీసి ఆ సందులోకి దూర్చి తింటాయి.

జలసంధి అవతల, వాషింగ్టన్ తీరంలోని మకా బేలో, రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963లో ఒక రాతి మీదున్న ఈ ఆకర్ స్టార్లను పీకి సముద్రంలోకి విసిరేయడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకి ఆ రాతి నిండా మసెల్స్ పరుచుకుని, మిగతా ప్రాణులకి చోటు లేకుండా పోయింది. అన్నిటినీ నిలబెట్టే ప్రాణి అనే అర్థంలో 'కీస్టోన్' అన్న మాటను ఆయన వాడింది 1969లో.

మేం రెండు గంటలు వెతికినా కనబడనిది సన్‌ఫ్లవర్ స్టార్. ఇరవైకి పైగా చేతులు, మీటరు దాకా వెడల్పు. 2013లో ఈ తీరమంతా స్టార్ ఫిష్‌లకి ఒక జబ్బు మొదలైంది. ఒళ్లంతా పుళ్లు, తర్వాత చేతులు ఊడిపోయి, కొద్దిరోజుల్లో ముద్దగా మారిపోతాయి. సన్‌ఫ్లవర్ స్టార్లలో నూటికి తొంభైకి పైగా పోయాయి. వాటి ఆహారమైన సీ అర్చిన్లు పెరిగిపోయి కెల్ప్ అడవుల్ని మేసేశాయి. కారణం పన్నెండేళ్ల తర్వాత తెలిసింది. బ్రిటిష్ కొలంబియాలోని హకాయ్ ఇన్‌స్టిట్యూట్, యూబీసీ శాస్త్రవేత్తలు, తోటివాళ్లు కలిసి 2025 ఆగస్టులో అది విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని ప్రకటించారు.

విబ్రియో! భీమవరం వాళ్లకి ఆ పేరు కొత్తదా? బాబాయి చెరువు గట్టు మీద, మందుల కొట్టులో, పెళ్లి పందిట్లో కూడా వినిపించే మాట. జాతి వేరు, కుటుంబం ఒకటే. ఈసారి ఫోన్లో ఆయన నవ్వలేదు. "చెరువైతే నీళ్లు తీసేసి, ఎండగట్టి, మళ్లీ వేసుకుంటాం. సముద్రాన్ని ఎలా ఎండగడతారు తల్లీ?" అన్నాడు. ఫ్రైడే హార్బర్ ల్యాబ్స్‌లో సన్‌ఫ్లవర్ స్టార్లను గుడ్డు దశ నుంచి పెంచుతున్నారని చెప్పాను. "హేచరీయా? అయితే ఫరవాలేదు" అన్నాడు.

ఆ రాళ్ల మీద మా అమ్మాయి ఒక చిన్న స్టార్‌ను ఇంటికి తీసుకెళ్దామంది. పసిఫిక్ రిమ్ నేషనల్ పార్క్ పరిధిలో గవ్వ ముక్క కూడా తీయకూడదు. అదీగాక ఇక్కడి నీరు చల్లన, మా తొట్టి నీరు వెచ్చన, తెచ్చినా బతకదు. మరి షాపులోది వెచ్చటి నీళ్లదే కదా అని అడిగింది. తిరుగు ఫెర్రీలో మావారు పిల్లకి అర్థమయ్యేట్టు అన్నీ చెప్పారు. చాక్లెట్ చిప్ స్టార్ అయితే రొయ్యముక్కలు తింటుంది, పెంచడం తేలిక. కానీ కోరల్స్‌ని కూడా తినేస్తుంది, వేరే తొట్టి పెట్టాలి. బ్రిటిల్ స్టార్ గట్టిది, మిగిలిన మేత ఏరుకు తింటుంది. నీలందానికి మాత్రం మన రాళ్లు చాలవు.

"ఎన్ని రాళ్లు కావాలి?" అంది.

"మన హాలంతా తొట్టి అయినా నేను మాటివ్వలేను" అన్నారాయన.

చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ననైమో కనుమరుగయ్యాక, పుట్టినరోజుకి నీలం స్టార్ వద్దని, అక్వేరియం వాళ్లు ప్రాణుల్ని వదిలే రోజుకి మళ్లీ తీసుకురమ్మని అడిగింది. చలికాలంలో ఆ హైవే మీద వింటర్ టైర్లు తప్పనిసరి. మావారు అప్పుడే టైర్ల ధరలు చూస్తున్నారు, చేపలకి మేత ఎవరు వేస్తారని మాత్రం ఇంకా అడగలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజున తొట్టి అద్దం మీద చిటికెన వేలి గోరంత తెల్లటి చుక్క కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే చేతులున్నాయి, ఒకటి పొట్టిగా, మిగతావి పొడుగ్గా. ఆస్టెరీనా. కొన్న రాయితో పాటు పిలవకుండా వచ్చే బుల్లి స్టార్ ఫిష్. రెండుగా తెగి మళ్లీ పెరిగే రకం, కొన్నాళ్లకి తొట్టి నిండా అవే ఉండొచ్చని మావారు తల పట్టుకున్నారు. మా అమ్మాయి అప్పటికే దానికి పేరు పెట్టేసింది.