ప్రళయకావేరి దారిలో మజిలీలు

సముద్రతీరపు ప్రయాణమనగానే చెన్నపట్టణపు వారందఱును దక్షిణముఖముగా తిరుగుదురు. తిరువాన్మియూరు దాటినచో ఈస్ట్ కోస్ట్ రోడ్డు, మహాబలిపురము, పుదుచ్చేరి. అచట మజిలీలను వెదకుకొను పనియే లేదు. పెరంబూరులో మూడు తరములుగా కాపురమున్న మేమును ఇన్నాళ్లు అట్లే తిరిగితిమి. గత సంక్రాంతి సెలవులలో మాత్రము ఉత్తరమునకు పోవ నిశ్చయించితిమి. అందుకు కారణము మా అమ్మగారు.

వారికిపుడు ఎనుబదియైదేండ్లు. మా మాతామహులు శ్రీహరికోట దీవిలో కట్టె కొట్టించి, బకింగ్‌హాం కాలువమీద పడవలలో పట్టణమునకు తెచ్చి, బేసిన్ బ్రిడ్జి దగ్గఱ దింపెడివారు. మా పెరంబూరునకు అది కొలదిదూరమే. మన ఓటేరి నాలా పోయి కలియునది ఆ కాలువలోనే. నేడు ముక్కు మూసికొని దాటిపోవు ఆ నీటిమీదనే అమ్మగారు తొమ్మిదేండ్ల పిల్లగా పట్టణమునకు వచ్చిరి. "మీరు యాడ ఆగినా నాకొకటే. మా నాయన పడవెక్కించిన రేవు ఒక్కసారి చూపించండి" అనిరి.

ఒక సాయంకాలము కాగితము పెట్టుకొని కూర్చుంటిమి. అబ్బాయి మైపాడు సముద్రతీరమనెను. మనుమలు రాకెట్టు అనిరి. కోడలు నేలపట్టులోని గూడబాతులను చూడవలెననెను. మాకు పులికాటులోని డచ్చివారి సమాధులపై మనసు. అరగంటలో తొమ్మిది మజిలీలు తేలినవి!

ఈ యుత్తరపు దారిలో చిక్కొకటి కలదు. సముద్రము దారిప్రక్కన నిలిచి పలుకరించదు. 16వ నంబరు జాతీయ రహదారి లోపలినుండి పోవును. నీరు చూడవలెనన్న ప్రతిచోట తూర్పునకు మరలి, చూచి, మరల వెనుకకు రావలెను. ఒక్కొక్క మజిలీకి రెండేసి గంటలు. మైపాడు మొదటనే పోయినది. అబ్బాయి రెండు దినములు ముభావముగా నుండెను.

అసలు కష్టము తరువాత తెలిసినది. కాలువ పులికాటు సరస్సునకు తూర్పు అంచున, శ్రీహరికోటను ఒరసికొని పోవును. ఆ దీవిని 1969లో రాకెట్ కేంద్రమునకై ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అచటినుండి లేచెను. అనుమతి లేనిదే ద్వారము దాటరాదు. అనగా అమ్మగారి రేవు లోపల చిక్కినది. ఈ సంగతి వారికెట్లు చెప్పుదుమాయని మేము వెనుకాడుచుండగా వారే నవ్విరి. "నాకు తెలియదా నాయనా? ఆ ఊళ్లు లేపేసిన్నాడు మా మేనమామ మూటలతో మనింటికే గదా వచ్చింది!"

తెల్లవాఱుజామున అయిదింటికి బయలుదేరితిమి. పొన్నేరి మీదుగా పులికాటు చేరుసరికి వలలవారు తిరిగి వచ్చుచుండిరి. డచ్చివారు 1613లో కట్టిన గెల్డ్రియా కోట నేడు దిబ్బయే. సమాధులపై చెక్కడములు మాత్రము చక్కగా నిలిచినవి. అమ్మగారు కారు దిగలేదు. తడ దగ్గఱ తెలుగు బోర్డులు కనబడగా చిన్న మనుమడు ఒక్కొక్కటియే కూడబలుకుకొనుచు చదివెను. వానికి అక్షరములు నేర్పినది ఆ అవ్వయే గనుక ఆమె కన్నులు మూసికొనియే తప్పులు దిద్దిరి.

సూళ్లూరుపేటలో భోజనము ముగించి, సరస్సును చీల్చుకొని పోవు రోడ్డుమీద అటకానితిప్ప చేరితిమి. స.వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు చదివినవారికి ఈ తిప్పలు, ఈ నీరు క్రొత్త కావు. పులికాటు సరస్సునకు మనవారి పేరు ప్రళయకావేరియే. దూరముగా ఫ్లెమింగోలు నీటిమీద గులాబిరంగు గీతవలె నిలిచియుండెను. మనుమడు ఫోనులో పటము చూపెను. అందు దీవి ప్రక్కన సన్నని నీలిగీత. "ఇదేనా కాలవ? ఇంత సన్నమా?" అని అమ్మగారు దానిపై వ్రేలు పెట్టిరి. పటము వెంటనే జరిగిపోయెను. వాడు మరల తెచ్చి పెట్టెను.

అంతట ఎవరును అడుగకయే చెప్పసాగిరి. గాలి యున్నపుడు తెరచాప. లేనపుడు గడకఱ్ఱ, లేదా గట్టుమీద నడచుచు మనుషులు లాగు త్రాడు. పడవలోనే పొయ్యి, పొయ్యిమీద చేపల పులుసు. లాకుల దగ్గఱ వంతుకై ఆగిన రాత్రులు. పడవ కదలునపుడు రేవులో నిలిచిన తల్లి ఏడ్చినదట. తాను మాత్రము పట్టణములో ట్రాము చూతుమన్న సంబరముతో వెనుకకు తిరిగి చూడలేదట. ఈ మాట మేమింతవఱకు వినలేదు. ఆ తల్లి మరుసటి యేడే పోయిరని మాత్రము ఎఱుగుదుము.

పావుగంటయని వ్రాసికొన్న మజిలీ రెండు గంటలైనది. నేలపట్టు చేరుసరికి చీకటిపడెను. గూడబాతుల రొద వినబడినదే కాని ఒక్కటియు కనబడలేదు. తిరుగుదారిలో కోడలు మాతో మాటలాడలేదు.

ఇప్పుడు మా వంటింటి గోడపై క్రొత్త కాగితము వ్రేలాడుచున్నది. పైన మైపాడు, దాని క్రింద పెద్ద యక్షరములతో నేలపట్టు. అడుగున అమ్మగారు మనుమనిచేత దుగరాజపట్నము వ్రాయించిరి. మద్రాసుకంటె ముందే, 1626 ప్రాంతములలో, ఆంగ్లేయులు ఆర్మగాను పేరిట వర్తకస్థానము పెట్టుకొన్న చోటు గనుక మేమెంతో సంతోషించితిమి. అమ్మగారికి ఆ సంగతితో పనిలేదు. "ఆడ కూడా మా నాయన పడవ ఆగేది" అనిరి.