సెర్న్‌లో ఒక వేసవి

స్విట్జర్లండులో ఒక పెద్ద సరస్సు ఒడ్డున జెనీవా నగరం ఉన్నది. ఆ సరస్సులో ఒకచోట నీరు 140 మీటర్ల ఎత్తుకు చిమ్ముతుంది. ఊరు చూడవచ్చినవాళ్ళంతా అక్కడే మూగుతారు. నేను మాత్రం రైలు స్టేషను దగ్గర 18వ నంబరు ట్రాము ఎక్కి, చిట్టచివరి స్టాపులో దిగాను. సెర్న్ అనే పరిశోధనశాల ఉన్నది అక్కడే.

దీన్ని 1954లో 12 ఐరోపా దేశాలు కలిసి స్థాపించాయి. అంతకు పదేళ్ళ ముందు వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి యుద్ధం చేస్తున్నాయి! ఆవరణ కొంత స్విట్జర్లండులో, కొంత ఫ్రాన్సులో ఉన్నది. లోపలి వీధులకు ఐన్‌స్టయిన్, రూథర్‌ఫర్డ్, క్యూరీ పేర్లు పెట్టారు. ఒక భవనం పక్కన మన నటరాజ విగ్రహం కనిపిస్తుంది. రెండు మీటర్ల ఎత్తున్న ఆ విగ్రహాన్ని 2004లో మన దేశం బహూకరించింది. కొత్తచోట ఒంటరిగా తిరుగుతున్న నాకు, దాన్ని చూడగానే మనవాళ్ళెవరో ఎదురువచ్చినట్టనిపించింది.

ఇక్కడి అసలు వింత పైకి కనిపించదు. భూమికి సుమారు 100 మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగం ఉన్నది. అందులోని యంత్రం నడిచేటప్పుడు ప్రోటానులు అనే అతి చిన్న కణాలు సెకనుకు 11,000 సార్లు ఆ సొరంగాన్ని చుట్టి, ఎదురెదురుగా ఢీకొంటాయి. వాటిని దారి తప్పకుండా వంచే అయస్కాంతాలను సున్నకు 271 డిగ్రీలు దిగువకు చల్లబరుస్తారు. నక్షత్రాల మధ్య ఉండే శూన్యం కూడా అంత చల్లగా ఉండదు. హిగ్స్ కణం 2012లో దొరికింది ఈ యంత్రంలోనే.

ఇటువంటి చోట కాలేజీలో చదివేవాళ్ళకేం పని అని మీరు అడగవచ్చు. 1962 నుంచీ ఇక్కడ వేసవిలో అనేక దేశాల విద్యార్థులను పిలిచి పని నేర్పుతున్నారు. దీన్నే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. పొద్దున పాఠాలు, తరువాత పని. తిండికీ బసకూ భత్యం ఇస్తారు. తెల్లజుట్టు ప్రొఫెసరును కూడా అక్కడ అందరూ పేరుపెట్టి పిలుస్తారు. నాకు నోరు రాలేదు. పేరు పైకి అని, “గారు” మనసులో చేర్చుకునేదాన్ని. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి గనక బియ్యమూ కూరలూ శనివారమే తెచ్చుకోవాలి. రాత్రి తొమ్మిది దాటినా సూర్యుడు అస్తమించడు. “భోజనాల వేళ అయింది,” అని కడుపు చెప్పవలసిందే, ఆకాశం చెప్పదు.

నాకు ఎనిమిది ప్లాస్టిక్ పలకలు ఇచ్చారు. అవి మరొకచోట తయారై వచ్చాయి. కణం దూసుకుపోతే పలకలో మిణుకుమని వెలుగు పుడుతుంది. దాన్ని పరికరం లెక్కపెడుతుంది. పలకలు మంచివో కావో నేను తేల్చాలి. “ఎలా తేల్చాలి?” అని అడిగితే మా పెద్దాయన, “నువ్వే చెప్పు,” అన్నాడు.

కణాల కోసం యంత్రం దాకా పోనక్కరలేదు. ఆకాశం నుంచి మ్యూయానులు అనే కణాలు రాత్రింబగళ్ళు కురుస్తూనే ఉంటాయి. మీరు చెయ్యి చాపితే సెకనుకు ఇంచుమించు ఒకటి మీ అరచేతిలోనుంచి దూసుకుపోతుంది. నేను మూడు పలకలు ఒకదానిపై ఒకటి పేర్చాను. పైపలకా, కిందిపలకా ఒకేసారి మిణుకుమంటే ఒక కణం రెంటినీ దాటిందన్నమాట. అప్పుడు మధ్యపలక కూడా దాన్ని చూసి ఉండాలి. ఇద్దరు సాక్షులు చూసిన దొంగను మధ్యనున్న కాపలావాడు చూడకపోతే, వాడు నిద్రపోతున్నట్టే గదా!

ఒక్కొక్క పలకనూ మధ్యన పెట్టి, వెయ్యేసి కణాలు లెక్కించాను. ఏడు పలకలు 960కి తక్కువ కాకుండా చూశాయి. ఐదవది 700 మాత్రమే చూసింది. తీగలు మార్చాను, పరికరం మార్చాను, రాత్రంతా లెక్కపెట్టించాను. ఫలితం మారలేదు.

వారం తిరిగేసరికి పలకలను బిగించాలి. ఎవరో నెలల తరబడి శ్రమపడి చేసిన పలకను, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పనికిరాదనడం ఎలా? పదిమంది కూర్చున్న గదిలో నా కాగితం గోడకు అంటించి, ఐదవ పలక సంగతి చెప్పాను. ఎవరూ కోపగించుకోలేదు. అందరూ ప్రశ్నలకు దిగారు. తీగలు మార్చావా? అన్నిటినీ ఒకే వేడిలో ఉంచావా? ఎన్నిసార్లు లెక్కపెట్టావు? గంటసేపు సాగింది. నా నోరెండిపోయింది గాని అన్నిటికీ జవాబు నా నోటుపుస్తకంలో ఉన్నది.

చివరకు పెద్దాయన లేచి, ఐదవ పలక మీద ఎర్రకాగితం అంటించి, వేరే బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి నా బల్ల మీదికి మరొక పెట్టె వచ్చింది. అందులో పన్నెండు పలకలు ఉన్నాయి.