మెట్లెక్కలేని వాళ్ల ఆదివారం

మా సంఘంలో ఓ పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో గుడి మెట్లెక్కలేకపోతోంది. పాస్టరుగారు ప్రభు సంస్కారం ఇంటికే తీసుకెళ్తారు. చిన్న గ్లాసులో ద్రాక్షరసం, తెల్ల రుమాల్లో రొట్టె. ప్రార్థన అయ్యాక వెంటనే లేవరు. బీపీ మాత్రలు ఉన్నాయో అయిపోయాయో డబ్బా తీసి చూస్తారు, పింఛను అందిందా అని అడుగుతారు. నా దృష్టిలో అసలు పరిచర్య అదే.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో స్తెఫనుతో సహా ఏడుగురిని ఏర్పరచింది ఎందుకు? కొందరు విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదనే కదా! మన సంఘాల్లోనూ ఆ పనికి మనుషుల్ని పెట్టాలి.

ఇంకో మాట. ఒంటరి ఆడవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు స్త్రీల సమాజం నుంచి ఒకరు తోడుండాలి. వాళ్లు చెప్పుకున్న కష్టం ఆదివారం ప్రసంగంలోకి రాకూడదు, ప్రార్థన విన్నపం పేరుతోనైనా సరే.