మూత తీసే ముహూర్తం

తెలుగునాట "వైన్స్" అని బోర్డు కట్టిన దుకాణంలో అన్నిటికన్నా అరుదుగా దొరికే సరుకు వైనే. విస్కీ, బ్రాందీ, బీరు వరుసలన్నీ దాటి చూస్తే, ఏ మూలనో దుమ్ము కప్పుకొని, ఎండకు ఎదురుగా నిలబడి రెండు సీసాలు కనబడతాయి. ఆ రెండూ కొనకండి. దేశీయమన్న చిన్నచూపుతో చెబుతున్న మాట కాదిది. నాసిక్ ద్రాక్ష నుంచి ఇరవయ్యేళ్ళకు పైగా తాగదగ్గ వైను వస్తూనే ఉంది. ఆ ఎండ, ఆ నిలబెట్టిన తీరు, ఆ మూలన గడిచిన కాలం, ఇవీ కారణాలు. వైను గురించి తెలుసుకోవలసినదంతా దాదాపు ఆ మూడింటిలోనే ఉంది. ధర నాలుగోది.

ధర సంగతి ముందు చెప్పేస్తాను, అదే తేలిక గనుక. నేనుండేది కాలిఫోర్నియాలో. అమెరికాలో మద్యనిషేధం 1933లో 21వ రాజ్యాంగ సవరణతో తొలగింది. తొలగుతూ తొలగుతూ మద్యం మీది పెత్తనాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టిపోయింది. తయారుచేసేవాడు, పంచేవాడు, అమ్మేవాడు వేరువేరుగా ఉండాలన్న మూడంచెల ఏర్పాటు ఆనాటి నుంచీ వేళ్ళూనుకుంది. సొంత రాష్ట్రపు వైనరీలు కొనేవారి ఇంటికి నేరుగా పంపవచ్చునని అనుమతించి, పరాయి రాష్ట్రపు వైనరీలను మాత్రం కాదనడం చెల్లదని సుప్రీంకోర్టు 2005లో గ్రానహోమ్, హీల్డ్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. తోటలవాళ్ళకు తలుపులు తెరుచుకున్నాయి కాని, పరాయి రాష్ట్రపు దుకాణాలకు చాలాచోట్ల ఇంకా మూసే ఉన్నాయి. కనుక అంతర్జాలంలో కనబడిన ధర మీ ధర కాదు. మీ ఇంటి గడప దాకా రాగలిగిన ధరే మీ ధర. పన్నెండు సీసాల పెట్టె 15 కిలోల పైమాటే. రవాణా ఖర్చు కలిపి చూస్తే సగం బేరాలు అక్కడే ఆవిరైపోతాయి.

మిగిలిన సగాన్ని వడగట్టడానికి ఒక జల్లెడ ఉంది. 1999లో మొదలైన వైన్-సెర్చర్ అన్న జాలగూడులో వైను పేరు, సంవత్సరం కొడితే ఏ దుకాణంలో ఎంతకుందో వరుసపెట్టి చూపిస్తుంది. "80 డాలర్ల వైను 29కే! సాయంత్రం దాకానే!" అని వేగు వచ్చినప్పుడల్లా నేను ముందు అక్కడికి వెళతాను. తరచు అది 32 డాలర్లకు నాలుగుచోట్ల దొరుకుతూనే ఉంటుంది. 80 అన్న అంకె కాగితం మీద ఉన్నదే గాని ఎవరి జేబులోంచీ వచ్చినది కాదు. అసలా పేరే అక్కడ కనబడకపోతే మరింత జాగ్రత్తపడాలి. ఆ లేబుల్ ఆ బేరం కోసమే పుట్టి ఉండవచ్చు.

ఇక మార్కులు. రాబర్ట్ పార్కర్ 1978లో తన పత్రిక మొదలుపెట్టి, నూటికి ఇన్ని మార్కులని వైనుకు వేసే పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేశాడు. ఎంసెట్ ర్యాంకుల నడుమ పెరిగిన జాతి మనది. అంకె కనబడగానే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పులకరింతలోనే బేరగాడి కిటుకు దాగి ఉంది. ఎవరు వేసిన మార్కులు? ఏ సంవత్సరపు పంటకు? 2010 పంటకు వచ్చిన 95ను పెద్ద అక్షరాలలో వేసి, కింద చిన్న అక్షరాలలో 2011 సీసా అమ్మే మహానుభావులున్నారు. అబద్ధం ఆడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు.

నిజమైన చౌక ఎక్కడుంటుందంటే, నా లెక్కన, మోజు తీరిపోయినచోట. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు గ్రాన్ రిసర్వా ఎర్ర వైను కనీసం అయిదేళ్ళు, అందులో రెండేళ్ళు చెక్కపీపాలో, గడిపితే తప్ప అమ్మకూడదని అక్కడి నిబంధన. అంటే మన బదులు వైనరీవాడే ఎదురుచూసి పెడుతున్నాడు, ఆ ఎదురుచూపుకు పెద్దగా వడ్డీ వేయకుండా. జర్మనీ రీస్లింగ్ కూడా అంతే. తీపి అని జనం మొహం తిప్పుకున్నందువల్ల మనకు దక్కుతోంది. ఇంకొక దారి, మంచి ఇంటివాళ్ళ చెడ్డ సంవత్సరం. బోర్డోలో 2005, 2009, 2010 పంటల ధరలు చుక్కలనంటాయి. 2007, 2013 పంటలను ఎవరూ పొగడలేదు. కాని నేర్పరి చేతిలో పడిన బలహీనపు పంట త్వరగా పక్వానికి వస్తుంది, తక్కువకు వస్తుంది. కళ్యాణానికి కాదు, బుధవారం భోజనానికి. మనకు బుధవారాలే ఎక్కువ కదా.

(ధర మన చేతిలో లేని రోజులూ ఉంటాయి. విమానాల తయారీ రాయితీల మీద అమెరికాకూ ఐరోపాకూ తగాదా వచ్చి, 2019 అక్టోబరులో ఫ్రాన్సు, స్పెయిన్, జర్మనీ వైన్ల మీద 25 శాతం సుంకం పడింది. 2021 దాకా తీయలేదు. విమానానికీ ద్రాక్షకూ సంబంధమేమిటని అడిగితే చెప్పగలవాడు లేడు. ఇటలీ వైను ఎలాగో తప్పించుకుంది. ఆ ఏడాదిన్నరా నేను ఇటలీ భక్తుణ్ణి.)

అతిచౌక మాటకు వస్తే బర్కిలీలోని ప్రిమియర్ క్రూ దుకాణాన్ని మరువకూడదు. సరుకు ఇంకా ఐరోపాలోనే ఉందనీ, ఇప్పుడే డబ్బు కడితే తక్కువకు వస్తుందనీ అది ఏళ్ళ తరబడి అమ్మింది. కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళకు సీసాలు అందించే బండి 2016 జనవరిలో దివాలాతో ఆగింది. నష్టం సుమారు 4.5 కోట్ల డాలర్లు. యజమానికి ఆ డిసెంబరులోనే ఆరున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. బజారంతటికన్నా మూడోవంతు తక్కువకు ఒక్కడే అమ్ముతున్నాడంటే, ఆ మూడోవంతు ఎవరో ఒకరి జేబులోంచి రావలసిందే.

వేసవిలో బేరాలు ఎక్కువ. అప్పుడు కొన్నా, అక్టోబరు దాకా పంపవద్దని రాస్తాను. లారీలో మూడు రోజులు ఉడికిన వైను ఉడికిన పండురసమే అవుతుంది. ఇంటికి వచ్చాక దానికి కావలసినది 12, 13 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి, బిరడా ఎండిపోకుండా పక్కకు పడుకోబెట్టడం. మన ఊళ్ళలో బంధువులు ప్రేమగా బీరువా మీద నిలబెట్టి దాచిన విదేశీ సీసా మొదటి రోహిణీకార్తెలోనే కన్నుమూస్తుంది.

ఇప్పుడు కష్టమైన భాగం: ఎప్పుడు తాగాలి? చాలా సీసాల విషయంలో జవాబు "ఈ ఏడే." లోకంలో పుట్టే వైనులో అత్యధిక భాగం రెండు మూడేళ్ళలో తాగడానికే పుడుతుంది. పదిహేను డాలర్ల తెల్ల వైనును దాచడం అరటిపండును దాచడంలాంటిది. దాచదగినవి కొన్నే: వగరు, పులుపు, తీపి వీటిలో ఏదో ఒకటి పుష్కలంగా ఉన్నవి. ఎర్ర వైనులోని వగరు తొక్కలోంచీ గింజలోంచీ కొంత పీపా చెక్కలోంచీ వస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి, బరువెక్కి, మడ్డిగా అడుగుకు దిగుతాయి. నేరేడు రంగు ఇటుక రంగుకు తిరుగుతుంది. పండు వాసన వెనక్కి తగ్గి ఎండుటాకు, తోలు, పుట్టగొడుగు వాసనలు ముందుకు వస్తాయి. ముదిరిన రీస్లింగ్ అయితే కిరసనాయిలు వాసన వేస్తుంది. లాంతరు వెలుగులో చదువుకున్నవాళ్ళం గనుక మనకది దోషమనిపించదు.

ఇదంతా మనకు తెలియని విద్య కాదు. కొత్తావకాయది ఒక రుచి, ఆరు నెలలు ఊరినదానిది మరొకటి, రెండో ఏటి జాడీ అడుగుది ఇంకొకటి. పాత బియ్యానికి ధర ఎందుకు ఎక్కువో మన అమ్మలకు ఎవరూ పాఠం చెప్పలేదు. కాని ఒక్క తేడా ఉంది. జాడీలోంచి రోజూ ఒక ముక్క తీసి చూసుకోవచ్చు. సీసా తెరిచి చూస్తే, ఆ సీసా ఇక లేదు. సూదితో బిరడాను గుచ్చి, తీసిన వైను చోట ఆర్గాన్ వాయువు నింపే కొరవాన్ అన్న పరికరం 2013లో వచ్చింది, చమత్కారమైనదే, నాకు మాత్రం అది నిద్రపోయేవాణ్ణి లేపి "నిద్రపట్టిందా?" అని అడగడంలా ఉంటుంది. అంతకన్నా ఆరు సీసాలు కొని, ఏడాదికో రెండేళ్ళకో ఒకటి తీయడం మేలు. అది కుదరనివారికి పరుల నాలుకలున్నాయి. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన ఎరిక్ లివైన్ 2003లో తన సీసాల లెక్క కోసం రాసుకున్న సెల్లార్‌ట్రాకర్‌లో, మీ వైనునే పోయిన నెల తెరిచిన ఎవరో "ఇంకా మూసుకునే ఉంది" అనో "వెంటనే తాగండి" అనో రాసి ఉంటారు. పండితుల "2018 నుంచి 2035 వరకు" అన్న జోస్యం కన్నా నేను దాన్నే నమ్ముతాను.

పండితులు ఎంత తప్పగలరో తెల్ల బర్గండీ చూపించింది. పదిహేనేళ్ళు నిలుస్తాయని అందరూ అన్న సీసాలు, 1990ల నడిమి పంటల నుంచి, ఏడెనిమిదేళ్ళకే గోధుమరంగుకు తిరగడం మొదలుపెట్టాయి. ఒకే పెట్టెలో ఒకటి బంగారం, పక్కది మట్టి. బిరడా అన్నారు, గంధకం తగ్గించడమన్నారు, ద్రాక్ష పిండే తీరన్నారు. ఒకే కారణమని ఎవరూ తేల్చలేదు.

ఈ లెక్కలన్నీ నాకు నేర్పిన పెద్దాయన ఒకరున్నారు. రక్తసంబంధం లేదు, వరస కలుపుకొని బావగారూ అనేవాణ్ణి. ఆయన దగ్గర అంకెలు వేసిన పట్టిక ఉండేది: కొన్న తేదీ, ధర, తాగవలసిన ఏళ్ళు. భోజనానికి పిలిచినప్పుడల్లా పట్టిక తీసి, ఏదో ఒక సీసా మీద చెయ్యి వేసి, "దీనికింకా బాల్యం వదల్లేదోయ్" అని వెనక్కి పెట్టేసి, వీధి చివరి దుకాణంలో కొన్నదేదో పోసేవారు. 2021లో గుండెపోటుతో పోయారు. పట్టికలో 212 సీసాలు మిగిలాయి. అక్కయ్య జన్మలో వైను ముట్టలేదు. "వీటినేం చేయాలి తమ్ముడూ?" అని అడిగింది.

మూడు శనివారాలు కూర్చున్నాం. లైసెన్సు లేనివాళ్ళం, మనంతట మనం అమ్మకూడదు. నిలకడ ఉన్న బోర్డోలను వేలం సంస్థకు అప్పగించాం. అందులో ఆయన పీపాలో ఉండగానే 2001లో డబ్బు కట్టిన లియోవిల్ బార్టన్ 2000 పెట్టె ఉంది. పన్నెండింటిలో ఆయన తెరిచినవి రెండు. తెల్ల బర్గండీలు పద్నాలుగు. వాటిని అమ్మడానికి మనసొప్పలేదు, ఒక్కొక్కటే తెరిచాను. తొమ్మిది పోయాయి, టీ రంగు, దెబ్బతిన్న ఆపిల్ వాసన. సింకులో పోస్తుంటే అక్కయ్య పక్కన నిలబడి చూసింది.

"ఇది ఎప్పుడు బాగుండేది?"

"2008 ప్రాంతంలో, అక్కయ్యా."

"2008లో ప్రతి ఆదివారం ఇంట్లోనే ఉండేవారు" అంది. "బీరు తాగుతూ."

నేను మరో సీసా తెరిచాను.

పట్టిక చివర ఆరు సీసాల పోర్టు ఉంది. టేలర్స్ 2003. పోర్చుగల్‌లోని పోర్టు ఇళ్ళు దాదాపుగా అన్నీ కలిసి గొప్ప పంటగా ప్రకటించిన సంవత్సరం అది. వాళ్ళ అమ్మాయి పుట్టిన సంవత్సరం కూడా. తాగవలసిన ఏళ్ళు అన్న గడిలో అంకెలు లేవు, "అమ్మాయికి 21" అని తెలుగులో ఉంది. వాటిని కదల్చలేదు.

2024లో అమ్మాయి షికాగో నుంచి వచ్చింది. ముందురోజే ఒక సీసాను నిలబెట్టి ఉంచాను, మడ్డి అడుగుకు దిగాలని. బిరడా సగంలో విరిగింది. ఇరవయ్యేళ్ళ బిరడాకు అది మామూలే. అక్కయ్య పాలు వడగట్టే గుడ్డ తెచ్చింది. వడగట్టినకొద్దీ గుడ్డమీద నల్లటి మడ్డి, కింద గాజుపాత్రలో ముదురు ఎరుపు. పండితుల లెక్కలో ఈ పోర్టుకు ఇంకా పాతికేళ్ళ ఆయుష్షుంది, నాకూ అలాగే అనిపించింది. వగరు గట్టిగానే ఉంది, తీపి దాన్ని ఇంకా పూర్తిగా లొంగదీసుకోలేదు. ఆయన ఉంటే ఏమనేవారో ముగ్గురికీ తెలుసు. ఎవరూ అనలేదు.

అక్కయ్య చెంచాడు తీసుకొని నాలుక మీద వేసుకుంది. కాసేపు ఆలోచించింది.

"ద్రాక్షారిష్టంలా ఉంది" అంది. "బాగానే ఉంది."

మిగిలిన అయిదూ ఎప్పుడు తీయాలి మామయ్యా అని అమ్మాయి అడిగింది. 2030లో ఒకటి తీసి చూద్దామని నేను లెక్కలు మొదలుపెట్టేలోపు, అక్కయ్య లోపలికి వెళ్ళి రెండో సీసా తెచ్చి బల్లమీద నిలబెట్టింది, రేపటి కోసం మడ్డి దిగాలని.