పతకం అంచు మీద తాత పేరు

ఈ నెల గోడపత్రికకి ఇంటి పెద్దల గురించి రాయమన్నారు. నేను మా తాత గురించి, తాత కోసం రాసిన ఉత్తరాల గురించి రాస్తున్నాను. అక్షర దోషాలుంటే క్షమించగలరు.

మా ఊళ్ళో మా తాతకి రెండు పేర్లుండేవి. ఎదురుగా ఉంటే 'మిల్ట్రీ' అనేవారు. అటు తిరిగితే 'పారొచ్చినోడు' అనేవారు. అంటే మిలిటరీ నుంచి పారిపోయి వచ్చినవాడు అని. మా తాత నేను పుట్టకముందే 2008లో చనిపోయాడు. అయినా ఆ రెండో పేరు చావలేదు. నేను చిన్నప్పుడు నీళ్ళకెళ్తే "పారొచ్చినోడి మనవరాలా" అని పిలిచేవారు. అది తిట్టని నాకు అప్పుడు తెలీదు, పలికేదాన్ని.

ఆ మాటకి ఇంకో తోక కూడా ఉంది. పెళ్ళాం కోసం పారిపోయి వచ్చాడట. అంటే మా నాయనమ్మ వల్ల అని. నాయనమ్మ పక్క కొండ ఊరి పిల్ల. ఆమె మొహం చూసి తుపాకీ పారేసి వచ్చేశాడని పెళ్ళిళ్ళలో కల్లు తాగినవాళ్ళు పాటలు కట్టేవారు. నాయనమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. ఏనాడూ బదులు చెప్పలేదు.

మా కొండల్లో మిలిటరీ అంటే అంత మంచి మాట కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు గారు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారని మనం సోషల్‌లో చదివాం. ఆయన్ని పట్టడానికి తెల్లదొరలు అస్సాం రైఫిల్స్‌ని కూడా దింపారు. తిండి పెట్టినవాళ్ళనీ, దారి చెప్పినవాళ్ళనీ బాధలు పెట్టారని మా ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తారు. అలాంటి కొండల్లోంచి నలభై ఏళ్ళ తర్వాత మా తాత మిలిటరీలో చేరాడు. 1962లో చైనాతో యుద్ధం జరిగాక సైన్యాన్ని బాగా పెంచారు. ఆ రోజుల్లోనే కాలినడకన కొండ దిగి వెళ్ళాడట. చదువు రాదు. సంతకం మాత్రం సైన్యంలో నేర్చుకున్నాడు.

ఇంట్లో తాత ట్రంకు పెట్టె ఒకటి ఉంది. అందులో బెల్టు, ఒక దుప్పటి, చెదలు తినేసిన పుస్తకం అట్ట, ఒక పతకం ఉన్నాయి. ఆ పుస్తకమే డిశ్చార్జి పుస్తకమని తర్వాత తెలిసింది. లోపలి కాగితాలు ఒక్కటీ మిగల్లేదు. పతకాలు మూడుండేవట. ఒకటి మా నాన్న చిన్నప్పుడు మేక మెడకి కట్టాడు. మేక అడవిలోకి పోయి ఉత్త మెడతో తిరిగొచ్చింది. ఇంకోటి ఎలా పోయిందో నాన్నకి గుర్తు లేదు. మిగిలింది ఒక్కటే. నల్లగా మసిబొగ్గులా ఉండేది.

ఎనిమిదో తరగతి సెలవుల తర్వాత నాన్నని బతిమాలి ఆ పతకం బడికి తెచ్చాను. పోకుండా వార్డెన్ మేడం గారు తన బీరువాలో పెట్టారు. చింతపండుతో, బూడిదతో తోమాను. మూడు సింహాలు బైటపడ్డాయి. కింద హిందీ అక్షరాలు. మన హిందీ మేడం గారు చూసి 'సంగ్రామ్' అని చదివారు. సంగ్రామ్ మెడల్ 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధ కాలంలో సరిహద్దు రాష్ట్రాల్లో పనిచేసిన సైనికులకి ఇచ్చింది. మనం ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళి విశాఖ బీచిలో చూసిన స్తూపం కూడా ఆ యుద్ధానిదే. ఆ యుద్ధం 1971 డిసెంబరు 3న మొదలై 13 రోజులే జరిగింది. దాదాపు 93 వేల మంది లొంగిపోయారు. మన సోషల్ మాష్టారు ఇదంతా చెప్పి, "పతకం అంచు చూశావా?" అని అడిగారు.

నేను ముందూ వెనకా చూశాను గానీ అంచు చూడలేదు. సైన్యంలో ఇచ్చే పతకాల అంచు మీద మనిషి నంబరు, హోదా, పేరు చెక్కుతారట. సైన్సు ల్యాబులోంచి భూతద్దం తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి తిప్పుతూ చూశాం. మొదట అంకెలు కనబడ్డాయి. తర్వాత ఇంగ్లీషులో మూడు అక్షరాలు, ఎస్, పి, ఆర్. తర్వాత మా తాత పేరు. స్పెల్లింగు వేరేగా ఉంది గానీ పైకి చదివితే తాత పేరే. ఆఖర్న ఇంజనీర్స్ అని పొట్టిగా రాసి ఉంది. నేను ఆ పేరు గట్టిగా చదివాను. మా ఇంట్లో ఆ పతకం అంతకాలం ఉంది, ఆ పేరు ఎవరూ చదవలేదు. చదవడానికి ఎవరికీ రాదు కదా.

ఎస్పీఆర్ అంటే సాపర్. ఇంజనీర్ల దళంలో సిపాయిని అలా అంటారు. వాళ్ళు రోడ్లు వేస్తారు, వంతెనలు కడతారు, శత్రువు నేలలో పాతిన మందుపాతరలు తీసి మనవాళ్ళకి దారి చేస్తారు. తాత బెంగళూరులో ఉండేవాడని నాన్న ఎప్పుడో చెప్పాడు. మద్రాస్ ఇంజనీర్ల కేంద్రం అక్కడే ఉంది, అది 1780 నుంచి ఉన్న దళం. సైన్యంలో అందరి కాగితాలూ ఒకచోట ఉండవు. ఏ దళంవాళ్ళవి ఆ దళం రికార్డు ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ ఇంజనీర్లవి బెంగళూరులో, మద్రాస్ రెజిమెంటువి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానివి నాసిక్‌లో, ఆర్డినెన్సువి సికింద్రాబాదులో. అందుకే ముందు ఏ దళమో తెలియాలి. తెలియకపోతే ఉత్తరం ఎక్కడికి రాయాలో కూడా తెలీదు.

నాన్న ముందుగా ఒక ఆఫీసుకి వెళ్ళాడు. డిశ్చార్జి పుస్తకం తెస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారు. డిశ్చార్జి పుస్తకం లేదు కాబట్టే వచ్చానని నాన్న చెప్పాడు. ఐతే పుస్తకం తెచ్చుకుని రమ్మన్నారు. రోజు కూలీ పోయింది, బస్సు చార్జీ పోయింది. నాన్న "ఇంకొదిలీ" అన్నాడు.

కానీ నా దగ్గర నంబరు ఉంది. ఇంగ్లీషు సార్ గారు, నేను కలిసి బెంగళూరుకి ఉత్తరం రాశాం. నంబరు, హోదా, పేరు పతకం మీద ఉన్నట్టే రాశాం. మా ఊరు రాసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. తాత చేరినప్పుడు మండలాలు లేవు, తాలూకాలుండేవి. మండలాలు 1985లో వచ్చాయి. అప్పుడు మాది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇప్పటి అడ్రసు ఒక్కటే రాస్తే వాళ్ళ పుస్తకంలో దొరక్కపోవచ్చని పాతదీ కొత్తదీ రెండూ రాశాం. తాత మరణ ధ్రువపత్రం, నాయనమ్మ ఆధార్ జెరాక్సు జత చేశాం. అడగాల్సింది భార్య కాబట్టి కింద నాయనమ్మ వేలిముద్ర ఉండాలి.

నాయనమ్మ వేలు ఇవ్వనంది.

"ఏటి రాసుంటాదో అందులో. పారొచ్చినాడనే రాసుంటే? ఇన్నాళ్ళూ ఊరోళ్ళ నోట్లోనే ఉంది. కాయితం మీదకెక్కితే సెరిగిపోదు గదా పిల్లా" అంది.

నాకు జవాబు రాలేదు. తాత ఎందుకొచ్చేశాడో నాయనమ్మకీ తెలీదన్నమాట. తాత చెప్పలేదు, ఆమె అడగలేదు. రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున్నే ఆమే వచ్చి, చీరకొంగుకి వేలు తుడుచుకుని, "ఎయ్యి. ఏదున్నా నువ్వే సదవాల. ఆరి నోటంటా నాను ఇనను" అంది.

ఉత్తరం పోస్టు చేశాక నాలుగు నెలలు ఏమీ రాలేదు. నేను మర్చిపోలేదు గానీ అడగడం మానేశాను. తర్వాత ఒక రెండో శనివారం నాన్న హాస్టలుకి పొడుగాటి కవరు పట్టుకొచ్చాడు. విప్పకుండా తెచ్చాడు. "దీనికి పింఛనొస్తాదేమో సూడు" అన్నాడు.

పింఛను రాదు. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ళు పనిచేయాలి. తాత 1964లో చేరి 1973లో వచ్చేశాడు. అంటే తొమ్మిదేళ్ళే. నాన్న తల ఊపి, నాకు తెచ్చిన జంతికల పొట్లం చేతిలో పెట్టి, బస్సుకి వెళ్ళిపోయాడు. నేను ఆ కాగితం సంక్రాంతి సెలవుల దాకా లెక్కల పుస్తకంలో దాచుకుని, ఇంటికెళ్ళి నాయనమ్మకి చదివాను.

ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. గుర్తులు: కుడి మోకాలి కింద గాయం మచ్చ. నాయనమ్మ వెంటనే తన మోకాలు పట్టుకుంది. "ఎలుగ్గొడ్డు గీరింది. సిన్నప్పుడు. ఆడే" అంది. అప్పటిదాకా అది ఇంకెవరి కాగితమో అనుకుంటోందట.

పతకాలు: సంగ్రామ్ మెడల్, పశ్చిమీ స్టార్, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయినందుకు ఇచ్చిన మెడల్. పశ్చిమీ స్టార్ అంటే పడమటి సరిహద్దులో యుద్ధం చేసినవాళ్ళకిచ్చేది. మేక మెడకి కట్టింది అదే అయ్యుంటుంది, నక్షత్రంలా ఉండేదని నాన్న అన్నాడు. 1971లో పడమటి వైపు బసంతర్ నది దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. అక్కడ ఇంజనీర్లు మందుపాతరల మధ్య దారి తీస్తుంటే, పని పూర్తికాకముందే మన ట్యాంకులు ఆ దారిన వెళ్ళాయి. అక్కడ చనిపోయిన అరుణ్ ఖేత్రపాల్ గారికి పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన వయసు 21 ఏళ్ళు. తాత కాగితంలో పడమర అనే ఉంది, ఏ నదో రాయలేదు. మందుపాతరలు ఎలా తీసేవారో సోషల్ మాష్టారు చెప్పింది నాయనమ్మకి చెప్పాను. పొడుగాటి ఇనప చువ్వ ఏటవాలుగా పట్టుకుని, నేలని మెల్లగా పొడుచుకుంటూ, గట్టిగా తగిలితే ఆగిపోయి, జానెడు జానెడు చొప్పున ముందుకి వెళ్ళాలి.

నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తాత సంతకెళ్ళినా, పోడుకెళ్ళినా ముందు నడిచేవాడట. కర్రతో నేలని పొడుచుకుంటూ నడిచేవాడట. పిల్లల్ని తన అడుగుల్లోనే అడుగులెయ్యమనేవాడట. పాముకి భయపడుతున్నాడని, పిరికోడని ఊరంతా నవ్వేవారు. "నానూ నవ్వినాను" అంది నాయనమ్మ.

తర్వాత అసలు సంగతి చదివాను. నడవడిక: వెరీ గుడ్. విడుదలకి కారణం: కుటుంబ కష్టాల వల్ల, గడువు పూర్తికాకముందే, తన కోరిక మీద. పారిపోయినవాడికి వెరీ గుడ్ అని రాయరు. అడిగాడు, వాళ్ళు దయతలచి పంపించారు. దగ్గరి బంధువు: తల్లి. వివాహం: కాలేదు.

"నా పేరు నేదా?" అంది నాయనమ్మ.

"లేదు నాయనమ్మా. మీ పెళ్ళి తర్వాత కదా."

"మళ్ళీ సదువు ఆ ముక్క."

మూడుసార్లు చదివించుకుంది. పేరు లేదని బాధపడుతోందేమో అనుకున్నాను. ఆమె నవ్వింది. నాన్న కూడా ఆ నవ్వు ఎప్పుడూ చూడలేదన్నాడు. పెళ్ళాం కోసం పారొచ్చినాడని యాభై ఏళ్ళు పడింది. అప్పటికి అతనికి పెళ్ళామే లేదని సైన్యం ముద్రతో కాగితం వచ్చింది.

మర్నాడు మా ఊరి పెద్ద ముసలాయనకి ఏ సంవత్సరం ఏముందో చెప్పాం. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, "అవునెహె, ఆ ముందేడే గదా ఆడి అన్న జొరంతో పోయినాడు. ముసిల్ది ఒక్కర్తే మిగిలింది. పోడు సూసేవోడు నేడు" అన్నాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తాత ఎందుకొచ్చాడన్నదానితో ఎవరూ కలపలేదంతే. అందరికీ చదివి వినిపిద్దామా అని నాన్న అడిగాడు. నాయనమ్మ ఒద్దంది. "నాను ఇన్నాను. సాలు" అంది. ఐనా ఊరన్నాక తెలియకుండా ఉంటుందా! ఇప్పుడు ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి, చెదలు పట్టకుండా చూరుకి వేలాడదీశాం.

నేస్తాలూ, మీ ఊళ్ళల్లో కూడా మిలిటరీకి వెళ్ళొచ్చిన తాతలు ఉంటారు. పెట్టెలో పతకం ఉంటే తోమి అంచు చూడండి. అది లేకపోతే పాత ఫొటోలో టోపీ మీది గుర్తు చూడండి, దళం తెలుస్తుంది. ఊరి పేరు, తాలూకా, జిల్లా పాతవి కూడా రాయండి. బతికున్నవాళ్ళని ఇప్పుడే అడగండి, మా నాయనమ్మలా మొహమాటపడకండి. ఉత్తరం రాయడం రాకపోతే ఆదివారం మధ్యాహ్నం నా దగ్గరికి రండి, రాసిపెడతాను. కాగితం, కవరు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

— తొమ్మిదో తరగతి, 'బి' సెక్షను విద్యార్థిని