చెవులతో చూసే సినిమా

జనాల టేస్టు మారిపోయిందని ఈ మధ్య అందరూ అంటున్నారు. థియేటర్‌కు పోవడం తగ్గింది, సీరియల్స్ బోర్ కొడుతున్నాయి, ఎవరి చేతిలో చూసినా ఫోనే, అందులో యూట్యూబో ఓటీటీనో. నిజమే కావచ్చు. కానీ మా సిరిసిల్లలో ఆడవాళ్ళ సంగతి చూస్తుంటే నాకు ఇంకోటి తోస్తుంది. మా దగ్గర ఏది నచ్చుతుందనేది చేతిలో ఉన్న పనిని బట్టి ఉంటుంది.

ఎట్లా అంటారా? ఇక్కడ మగవాళ్ళు సాంచాలు నడుపుతారు. ఆడవాళ్ళలో కొందరు కండెలు చుడతారు, చాలామంది బీడీలు చుడతారు. మా అత్తమ్మ ఒడిలో బీడీల చేట ముప్ఫై ఏళ్ళ నుంచి ఉంది. తడిపిన తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మలవాలి, దారం కట్టాలి. చూపంతా ఆకు మీదే. ఎదురుగా టీవీ మోగుతూనే ఉంటుంది కానీ తలెత్తేది ఎప్పుడో ఒకసారి. అంటే ఆమె సినిమా చూడదు, వింటుంది. నేనూ అంతే. కూరగాయలు తరుగుతూ, రొట్టెలు చేస్తూ వింటాను. మీలో చాలామందిది కూడా ఇదే పద్ధతి అయి ఉంటుంది.

వినేవాళ్ళకు పట్టుచీరలూ, బంగళాలూ, ఫారిన్‌లో తీసిన పాటలూ ఏం పనికొస్తాయి? మాట ఒక్కటే చెవిన పడేది. ఆ మాటే చాలా ఏళ్ళు మాది కాదు. సినిమాలో మా యాస వినబడిందంటే అది రౌడీదో, పనిమనిషిదో, నవ్వించడానికి పెట్టిన పాత్రదో అయి ఉండేది. హీరోయిన్ నోట వినబడేది కాదు. మా అత్తమ్మకు ప్రతి సీరియల్ కథా వరసగా తెలుసు. అయినా అందులో ఏ మనిషి గురించీ మన చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడలేదు.

ఆ తేడా మాకు మొదట యూట్యూబ్‌లో తెలిసింది. కొండగట్టుకు దగ్గర, జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే ఊరుంది. అక్కడ శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' మొదలుపెట్టారు. 2016లో జియో వచ్చి డేటా చౌక అయ్యాక ఆ వీడియోలు మాలాంటి ఇళ్ళదాకా వచ్చాయి. పండుగలు, పంచాయితీలు, పొలం పనులు, అన్నీ మేం చూసినవే. అనిల్ జీల, అంజి మామ, అందరికన్నా ముందు గంగవ్వ. అప్పటిదాకా కూలి పనులు చేసుకుని బతికిన మనిషి. మా అత్తమ్మ మొదటిసారి విన్నప్పుడు చేతిలో బీడీ పట్టుకునే తలెత్తింది. "ఇగో బిడ్డా, గీమె మన లెక్కనే మాట్లాడుతుంది గదా! గిట్ల మాట్లాడనిస్తరా?" అని అడిగింది. మాట్లాడనిస్తారా అని అడిగింది చూడండి, నాకు అదే మనసులో నిలిచిపోయింది.

తర్వాత సినిమావాళ్ళు, టీవీవాళ్ళే గంగవ్వను వెతుక్కుంటూ వచ్చారు. 2019లో 'మల్లేశం'లో, 'ఇస్మార్ట్ శంకర్'లో కనిపించింది. 2020లో బిగ్ బాస్‌కు పోయి, ఆరోగ్యం బాగాలేక కొన్ని వారాలకే వచ్చేసింది. 2024లో మళ్ళీ పోయింది. ఆ రోజుల్లో మా వాడకట్టులో ఎవరిని కదిపినా గంగవ్వ ముచ్చటే.

సినిమాలు కూడా ఈ దారికే వచ్చాయి. 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి మా మాటతోనే హీరోయిన్ అయింది. 2023 మార్చిలో అయితే ఒకే నెలలో 'బలగం', 'దసరా' రెండూ వచ్చాయి. 'బలగం' తీసిన వేణు యెల్దండి మా సిరిసిల్ల మనిషే. అంతకుముందు జబర్దస్త్‌లో నవ్వించిన వేణు. సినిమా కూడా ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే తీశారు. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు. ఒక ముసలాయన చనిపోతాడు, పిండం పెడితే పిట్ట ముట్టదు. భోజనాల దగ్గర నల్లి బొక్క కోసం వచ్చిన గొడవతో ఇరవై ఏళ్ళు మాటల్లేని బావ, బావమరిది. బయటివాళ్ళకు అది నవ్వులాట అనిపించవచ్చు. మా దగ్గర అలాంటి నల్లి బొక్క లేని ఇల్లు ఉండదు.

సినిమా మూడు వారాలకే ప్రైమ్‌లోకి వచ్చింది. అదే సమయంలో తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పేపర్లలో వార్తలు వచ్చాయి. మేం మాత్రం ఇంట్లోనే చూశాం. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట వచ్చేసరికి అత్తమ్మ చేట పక్కన పెట్టింది. అంత దుఃఖాన్ని ఒక్క గొంతులో పలికించిన ఆ మొగిలయ్య 2024 డిసెంబర్‌లో చనిపోయారు.

మా ఇంటి నల్లి బొక్క మా ఆడబిడ్డ పెళ్ళిలో బట్టలు పెట్టే దగ్గర వచ్చింది. తనను ఆఖరికి పిలిచారని కోరుట్లలో ఉండే అత్తమ్మ తమ్ముడు అలిగి పోయాడు. ఎనిమిదేళ్ళు మాటల్లేవు. సినిమా చూసిన తెల్లారి ఆమె నన్ను పిలిచి నెంబర్ కలపమంది.

"తమ్మీ, మంచిగున్నవా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఆఁ అక్కా, మంచిగనే ఉన్న. బర్రె ఈనింది."

అంతే. పది నిమిషాలు బర్రె గురించీ దూడ గురించీ మాట్లాడుకున్నారు. పెళ్ళి మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆ ఏడు బతుకమ్మకు భార్యను పంపాడు కానీ తాను ఇంకా రాలేదు. సినిమా చూస్తే చుట్టరికాలు అతుక్కుంటాయని నేను చెప్పను. ఒక ఫోన్ చేయడానికి సాకు దొరికింది. ఎనిమిదేళ్ళలో మాకు అంత సాకు కూడా దొరకలేదు.

అయితే ఇప్పుడు మా మాట దొరకడం కష్టం కాదు, ఎక్కడ చూసినా అదే. యాస పేరుతో బూతులు, అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకునే రీల్స్, ముసలివాళ్ళను బెదిరించే ప్రాంకులు. ఒకరోజు అలాంటిది ఒకటి విని అత్తమ్మ, "గిది మన మాట గాదు బిడ్డా, మన తిట్లు ఒక్కటే ఏరి పెట్టిన్రు" అంది. రౌడీకి మా యాస పెట్టిన రోజులకూ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే ఇప్పుడు పెట్టేది మనవాళ్ళే.

ఇంకో చిక్కు ఇయర్‌ఫోన్స్. ఇంటర్ చదివే మా అబ్బాయి ఒక మూల, తొమ్మిదో తరగతి పాప ఒక మూల, ఎవరి చెవిలో వాళ్ళది. టీవీ మోగినప్పుడు నచ్చినా నచ్చకపోయినా ఇంటిల్లిపాదీ ఒకటే వినేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు నవ్వితే అత్తమ్మ ఎందుకని అడుగుతుంది. వాళ్ళు "ఏం లేదు నానమ్మా" అంటారు. ఆమె మళ్ళీ ఆకు కత్తిరించుకుంటుంది.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా చెవిలో ఏదీ ఉండకూడదు. రోజుకొకరు ఎంచుకోవాలి, అందరూ వినాలి. అబ్బాయి వంతు వస్తే వాడి వెబ్ సిరీస్ నాకు సగం అర్థం కాదు. అత్తమ్మ వంతు వస్తే పిల్లలు మొహాలు చూసుకుంటారు. ఫర్వాలేదు. కథ మధ్యలో "ఆమె ఎవరు, ఎందుకేడుస్తుంది" అని అత్తమ్మ అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ఉన్నారు ఇప్పుడు.

ఒక్క కోరిక మిగిలింది. అమ్మ ఆసు పోసి పోసి చేతి నొప్పితో బాధపడుతుంటే చూడలేక మిషన్ కనిపెట్టిన చింతకింది మల్లేశం మీద సినిమా తీశారు. చేటలో ఆకు, చెవిలో ఊరి ముచ్చట్లు, గల్ఫ్‌లో కొడుకు, ఇలాంటి బీడీల అవ్వ కథ నేను ఇంకా వినలేదు. ఎవరైనా తీస్తే ఆ రాత్రి వంతు అత్తమ్మదే.